సాఫ్ట్‌వేర్‌కు పరీక్ష పెట్టే ఉద్యోగం

మొన్న వేసవి సెలవుల్లో పుంగనూరు నుంచి ఒక తండ్రి మా ఇంటికి వచ్చాడు. పండ్ల బండి నడుపుకుంటూ కొడుకును బీటెక్ చదివించిన మనిషి. "సార్, మావాడు బెంగళూరులో టెస్టింగ్ ఆటోమేషన్ కోర్సు చేస్తానంటున్నాడు. కోడింగ్ రాకపోయినా పర్వాలేదు, ఉద్యోగం గ్యారంటీ అని చెప్పినారంట. ఇంట్లో గాజులు కుదువ పెట్టి ఫీజు కట్టేదా?" అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు చెప్పడానికి తోచలేదు. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ ఐ-కమ్యూనిటీ పేరుతో కుప్పం ప్రాంతానికి కంప్యూటర్ సేవలు తెచ్చిన రోజుల్లో, కంప్యూటర్ ఉద్యోగం అంటే టైపు చేయడం, లేదంటే ప్రోగ్రాం రాయడం అనే అనుకునేవాళ్లం. రాసిన ప్రోగ్రాం సరిగా పనిచేస్తుందో లేదో చూడడానికి వేరే మనుషులుంటారని ఎవరికి తెలుసు? అందుకే వారం గడువడిగి, మదనపల్లెలో నా దగ్గర చదువుకుని ఇప్పుడు బెంగళూరులో ఈ ఉద్యోగమే చేస్తున్న అమ్మాయిని కలిశాను. పండుగకు వచ్చి రెండు రోజులు ఇంటి నుంచే పనిచేస్తోంది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను.

బస్సు టికెట్ అమ్మే వెబ్‌సైటును ఉదాహరణగా తీసుకుందాం. ఊరు ఎంచుకోవాలి, తేదీ, సీటు, డబ్బు కట్టడం, చివరకు టికెట్. ప్రోగ్రామర్లు ఎక్కడో ఒకచోట చిన్న మార్పు చేస్తారు. దానివల్ల ఇంకోచోట ఏదైనా చెడిందేమో చూడాలంటే మొత్తం మళ్లీ మొదటి నుంచి నొక్కి చూడాలి. ప్రతి మార్పుకూ ఇదే తంతు. మనిషి నాలుగోసారికి విసిగిపోయి "బాగానే ఉంటుందిలే" అంటాడు. ఆ నొక్కే పనిని ఒక ప్రోగ్రాం చేత చేయించడమే టెస్ట్ ఆటోమేషన్.

2004లో అమెరికాలోని చికాగోలో, థాట్‌వర్క్స్ కంపెనీలో పనిచేసే జేసన్ హగ్గిన్స్ ఇలా విసిగిపోయే సెలీనియం అనే సాధనం తయారుచేశాడు. అప్పట్లో ఈ రంగంలో పెద్ద కంపెనీ మెర్క్యురీ. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసపు విషానికి విరుగుడు సెలీనియం అని ఎగతాళిగా ఆ పేరు పెట్టారు. ఆ మెర్క్యురీని 2006లో కొన్నది కుప్పానికి వచ్చిన హ్యూలెట్ ప్యాకర్డే! సెలీనియం గానీ, 2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్లేరైట్ గానీ ఉచితం. పైసా కట్టనక్కర లేదు.

సాధనం ఉచితమైతే మరి జీతం దేనికిస్తారు? నాకు అర్థమయ్యేలా ఆ అమ్మాయి చెప్పింది: "సార్, మీరు ప్రశ్నపత్రంతో పాటు కీ తయారుచేస్తారే, అదే మా పని." బటన్ నొక్కించడం ప్రశ్న మాత్రమే. నొక్కాక ఏం రావాలో రాసిపెట్టడం కీ. కీ లేకుండా దిద్దితే అందరూ పాసే. టికెట్ వచ్చిందా అని మాత్రమే చూసి, అందులో తేదీ సరైనదా కాదా చూడని స్క్రిప్టు రోజూ పచ్చగా పాస్ చూపిస్తూనే ఉంటుంది. అది అసలు పరీక్షే కాదు.

ఏం అడగాలన్నది ఇంకా కష్టం. మన పిల్లల పేర్లే చూడండి. ఒక సర్టిఫికెట్‌లో షేక్ అని పూర్తిగా ఉంటుంది, ఇంకోదానిలో పొడి అక్షరాలే ఉంటాయి. కొందరికి ఒకటే పేరు. ఇంటిపేరు గడి నింపితేగానీ ఫారం ముందుకు పోదు. ఉర్దూలో పేజీ పెడితే వరుస కుడి నుంచి ఎడమకు తిరగాలి, కానీ అందులోని ఫోను నంబరు తిరగకూడదు. తెలుగులో బటన్ ఎత్తు చాలకపోతే కింది ఒత్తులు తెగిపోతాయి. ఈ చివరిది స్క్రిప్టుకు మామూలుగా దొరకదట. అక్షరాలు సరిపోయాయా అనే అది చూస్తుంది, కంటికి కనిపిస్తున్నాయా అని చూడదు. అందుకే ఆటోమేషన్ వచ్చినా కంటితో చూసే మనిషి అవసరం పోలేదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషుతో పెరిగిన మదనపల్లె పిల్లలకు ఇలాంటి తప్పులు తొందరగా తడతాయని నా నమ్మకం.

ఇక ఆమె రోజులో సగం కొత్త పరీక్షలు రాయడం కానే కాదు. నిన్న పాసైనది ఈరోజు ఎందుకు ఫెయిలైందో వెతకడం. పేజీ రావడం ఒక్క క్షణం ఆలస్యమైనా, బటన్ ఇంకా కనపడకముందే స్క్రిప్టు నొక్కబోయి ఫెయిలంటుంది. తప్పు సాఫ్ట్‌వేర్‌దా, పరీక్షదా? తేల్చాలంటే ప్రోగ్రాం చదవడం రావాలి. అలాంటివి ఎక్కువైతే జట్టులో ఎవరూ ఎర్ర రంగును పట్టించుకోరు, అసలు తప్పు కూడా అందులో కలిసి పోతుంది.

దిద్దేవాడే తప్పితే ఏమవుతుందో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ అప్‌డేట్‌ను బయటికి పంపేముందు తనిఖీ చేసే ప్రోగ్రాంలోనే లోపం ఉందని ఆ కంపెనీయే తర్వాత చెప్పింది.

కోడింగ్ అక్కర్లేదన్న మాట ఈ ఉద్యోగం విషయంలో అబద్ధం. జావా గానీ పైథాన్ గానీ ఒకటి గట్టిగా రావాలి. వెబ్ పేజీ లోపలి అమరిక, డేటాబేసును ప్రశ్న అడిగే ఎస్‌క్యూఎల్, గిట్ తెలియాలి. ఐఎస్‌టీక్యూబీ సర్టిఫికెట్ పరిచయానికి పనికొస్తుందే తప్ప అదే ఉద్యోగం ఇప్పించదు. స్క్రిప్టులు ఇప్పుడు ఏఐ కూడా రాసిస్తోంది. ఆమె వాడుతోంది, వాడాక ప్రతి లైనూ చదువుతోంది. అది రాసిచ్చే కీ కూడా తప్పు కావచ్చు కదా.

పుంగనూరు వెళ్లి ఆ తండ్రికి చెప్పింది ఒకటే: గాజులు ఇప్పుడే కుదువ పెట్టొద్దు. మూడు నెలలు ఇంట్లోనే సెలీనియం మీద ఉచితంగా సాధన చేయనీ. అప్పటికీ ఆసక్తి నిలిస్తే, నేర్పేవాళ్లు స్వయంగా ఆ పని చేసినవాళ్లేనా అని అడిగి చేర్పించు. అబ్బాయికి ముందు కోపం వచ్చింది. ఇప్పుడు ఒక స్నేహితుడి ల్యాప్‌టాప్ మీద, సాధన కోసమే పెట్టిన ఒక వెబ్‌సైటుకు 14 పరీక్షలు రాశాడు. మూడు ఇంకా ఎర్రగానే వస్తున్నాయట. వాటిలో తప్పు తనదేనని రెండింటికి కనిపెట్టాడు. మూడోది వెబ్‌సైటుదే అంటున్నాడు.