ఇసుక కింద ఏరు

ఎండాకాలం పాపాఘ్ని ఇసుకలో చెలమ తవ్వడం కడప జిల్లా పల్లెల్లో ఎవరికీ నేర్పనక్కర్లేదు. మోచేతి లోతు తవ్వితే తడి తగులుతుంది, ఇంకో జానెడు దిగితే ఊట. అంచులు కూలకుండా ఇసుకను వెడల్పుగా లాగి, మొదట వచ్చిన బురదనీళ్లను చిప్పతో తోడి పారబోస్తారు. కాసేపాగితే నీరు తేటపడుతుంది. అప్పుడు బిందె నింపుకుంటారు.

మంచినీటి జీవావరణ శాస్త్రవేత్తలు చేసే పని కూడా అచ్చం ఇదే. యూరప్‌లో దీన్ని వాడుకలోకి తెచ్చిన ఇద్దరు పరిశోధకుల పేర్ల మీద కరమన్-షాపుయి పద్ధతి అంటారు. వాళ్లకంటే ఎంతో ముందునుంచే మన ఆడవాళ్లు తవ్వుతున్నారు కాబట్టి పేరు విషయంలో కాస్త అన్యాయం జరిగిందనే చెప్పాలి. తేడా ఎక్కడంటే, మనం పారబోసే ఆ మొదటి బురదనీళ్లే వాళ్లకు కావాలి. వాటిని మిల్లీమీటరులో పదో వంతు కన్నా సన్నని కన్నులున్న వలగుడ్డలో వడగట్టి, మిగిలిన మడ్డిని గాజు పళ్లెంలోకి తీసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. ఇసుక రేణువుల మధ్య తెల్లని నలకలు కదలడం మొదలుపెడతాయి. ఒకటి గెంతుతుంది, ఒకటి పాములా మెలికలు తిరుగుతూ రేణువును చుట్టుకుంటుంది. వీటిలో చాలావాటికి కళ్లుండవు, ఒంటికి రంగుండదు. రొయ్యకీ పీతకీ దూరపు చుట్టాలు. పైన ఏరు ఎండి నెలలైనా వీటికి ఆ సంగతి అంతగా పట్టదు.

రాయలసీమ ఏళ్లను అర్థం చేసుకోవాలంటే ఇక్కడినుంచి మొదలుపెట్టడం మంచిదని నా ఉద్దేశం. నది అనగానే ఏడాది పొడుగునా పారే నీళ్లనే ఊహించుకుంటాం. నీటి నాణ్యత కొలిచే పద్ధతుల్లో చాలావరకు అలాంటి నదుల ఒడ్డునే పుట్టాయి. కానీ 2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ప్రపంచంలోని నదులూ వాగుల మొత్తం పొడవులో 51 నుంచి 60 శాతం ఏడాదిలో కనీసం ఒక్కరోజైనా పారడం ఆపేస్తుంది. అంటే పెన్నా, చిత్రావతి, హంద్రీ, సగిలేరు లాంటివే లోకంలో ఎక్కువ.

ఇలాంటి నదిలో మురుగు చేసే హాని కూడా వేరుగా ఉంటుంది. ఓర్వకల్లు ప్రాంతంలో పుట్టి, నంద్యాల మీదుగా కడప జిల్లాలోకి వచ్చి పెన్నాలో కలిసే కుందూనే తీసుకుందాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశం మొత్తం మీద 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి ఐదు. ఆ ఐదింట్లో రెండు మన వైపువే: నంద్యాల నుంచి మద్దూరు దాకా కుందూ, మంత్రాలయం నుంచి బావాపురం దాకా తుంగభద్ర.

ఆ జాబితాకు కొలబద్ద బీఓడీ. నీటిలోని మురుగును తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ ఖర్చు చేస్తాయో చెప్పే లెక్క అది. సీసా నిండా నీళ్లు పట్టి, గాలి చొరకుండా బిరడా బిగించి చీకట్లో ఉంచుతారు. యూరప్‌లో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచితే, మన ఎండలకు తగ్గట్టు భారతీయ ప్రమాణంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు. తరిగిన ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు స్నానానికి కూడా తగదు. వరదలున్నప్పుడు ఊరి మురుగు నదిలో కలిసి పలచబడుతుంది. ఏప్రిల్‌కి వచ్చేసరికి కర్నూలులో హంద్రీని చూడండి, నంద్యాలలో మద్దిలేరునూ చామకాలువనూ చూడండి: పారేదే చాలావరకు మురుగు. ఈ రెండు కాలాలనూ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ కాలానికీ చెందదు.

సీసాతో ఇంకో చిక్కుంది. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌ను పట్టుకోలేదు. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7 కూడా కష్టమే. దీనికితోడు మడుగులో నాచు పట్టిందంటే పగలు ఎండకు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, రాత్రి తానే పీల్చేస్తుంది. ఉదయం పదకొండింటికి జీపు దిగి సీసా ముంచిన ఉద్యోగికి నీరు బాగానే ఉన్నట్టు కనబడుతుంది. చేపలు మాత్రం తెల్లవారుజామున నాలుగింటికే నోళ్లు తెరుచుకుని పైకి తేలి ఉంటాయి.

అందుకే జీవావరణ శాస్త్రవేత్త సీసాతోపాటు వల కూడా పట్టుకెళ్తాడు. నీళ్లలో నెలల తరబడి బతికే పురుగులు అక్కడ జరిగిందంతా ఒంటి మీద భరించినవి, పదకొండింటి సంగతి ఒక్కటే కాదు. రాళ్లకింద మేఫ్లై పిల్లపురుగులుంటే ఆక్సిజన్ కొరత రాలేదని అర్థం. తూనీగ పిల్లలు, నత్తలు, జలగలు ఎక్కువైతే నీరు ఓ మోస్తరుగా ఉన్నట్టు. నల్లటి బురదలో ఎర్రటి దారపు ముక్కల్లాంటి కైరోనమిడ్ పురుగులు మాత్రమే మిగిలితే మురుగు ముదిరినట్టే. వాటి ఎరుపు మన నెత్తురులో ఉండే హిమోగ్లోబిన్ జాతిదే. ఆక్సిజన్ దాదాపు లేని చోట కూడా దాన్ని ఒడిసిపట్టుకోగలవు. ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు వేసి నదికి దర్జా నిర్ణయించే పద్ధతి మొదట బ్రిటన్‌లో రూపొందింది. దాన్ని మార్చుకుని మన కేంద్ర మండలి కూడా వాడుతోంది.

అయితే ఆ మార్కుల పట్టిక సీమ వంకలకు సరిపోదు. ఎక్కువ మార్కులు తెచ్చేవి చల్లటి నీళ్లలో, ఎప్పుడూ పారే వాగుల్లో బతికే పురుగులు. చుక్క మురుగు కలవకపోయినా, ఏటా ఎండే వంకలో అవి ఉండలేవు. అలాంటి వంకకు మార్కులు తక్కువ వస్తే అది కరువు ముద్ర, కాలుష్యం ముద్ర కాదు. ఆ రెంటినీ వేరుచేయాలంటే ఎండే వంకను ఇంకో ఎండే వంకతోనే, ఊళ్లకు ఎగువన మురుగు సోకనిదానితోనే, పోల్చిచూడాలి.

ఇక మళ్లీ ఇసుక కిందికి. ఏటి నీరూ భూగర్భ జలమూ కలిసే ఈ పొరను హైపోరిక్ మండలం అంటారు. నీరు రేణువుల సందుల్లోంచి దిగుతుంటే, వాటికి అంటుకున్న జిగురు పొరలోని సూక్ష్మజీవులు మురుగును తింటాయి, అమోనియాను నైట్రేటుగా మారుస్తాయి. మనం చూసిన తెల్లని నలకలు ఆ జిగురును మేస్తూ సందులు పూడిపోకుండా చూస్తాయి. చెలమ నీరు తేటగా ఉండటంలో ఇసుకతోపాటు ఈ మేతకూ వాటా ఉంది. మురుగు మోతాదు మించితే ఈ ఏర్పాటు కూలిపోతుంది. మురుగు కాలువ కలిసే చోటుకు దిగువన తవ్వి చూస్తే పై రెండు వేళ్ల మందం గోధుమరంగు, దాని కింద నలుపు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. అక్కడ ఆక్సిజన్ అయిపోయింది.

ఈ చీకటి జీవుల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం నాగార్జున విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన వై. రంగారెడ్డి, ఆయన శిష్యుల కృషి. కృష్ణా ఒడ్డు ఇసుకలో, పొలాల బోర్లలో, గుహల్లో వలలు వేసి కొత్త జాతులెన్నో వెలికితీశారు. 2011లో సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియానికి చెందిన జార్జ్ విల్సన్‌తో కలిసి ఆయన ‘ఆంధ్రకాయిడిస్’ అనే కొత్త ప్రజాతిని ప్రకటించారు. రొయ్యకు దూరపు చుట్టమైన, కళ్లులేని, రంగులేని ఐసోపాడ్ అది. అదే ప్రజాతిలో మరో జాతి కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహల్లో దొరికింది. 1980లలో ఆ గుహలను కొలిచి పటం గీసిన జర్మన్ అన్వేషకుడు గెబావర్ పేరే దానికి పెట్టారు. ఏటా వేలమంది చూసిపోయే ఆ సున్నపురాతి గుహలో ఇలాంటి నివాసి ఉందని టికెట్ కొన్నవాళ్లలో ఎంతమందికి తెలుసో!

దీని దగ్గరి బంధువులు ఉన్నది ఆస్ట్రేలియాలో. రెండు భూభాగాలూ గోండ్వానా అనే ప్రాచీన మహాఖండంలో అతుక్కుని ఉన్న కాలం నాటి వంశం ఇది. సముద్రం దాటగల జీవి కాదు, ఖండాలే విడిపోయాయి. ఇలాంటి భూగర్భ జీవులు సాధారణంగా నెమ్మదిగా పెరుగుతాయి, కొద్ది గుడ్లే పెడతాయి. ఒకచోట పోతే తిరిగి రావడం కష్టం.

ఆ బంధువులున్న పశ్చిమ ఆస్ట్రేలియాలో గని తవ్వకాలకు పర్యావరణ మదింపు చేసేటప్పుడు నేల కింది నీళ్లలో ఏ జీవులున్నాయో సర్వే చేయించి చూపాలి. మన దగ్గర 2016 నాటి ఇసుక మార్గదర్శకాలు మూడు మీటర్లు గానీ నీటిమట్టం గానీ, ఏది ముందు తగిలితే అక్కడ ఆగమంటాయి. 2020 నాటివి తీసిన ఇసుక మళ్లీ ఎంత చేరుతుందో లెక్క తీయమంటాయి. భూగర్భ జలాల పరీక్షల్లో లవణాలు, ఫ్లోరైడ్, నైట్రేట్ చూస్తారు. ఆ ఇసుకలో ఎవరు బతుకుతున్నారన్నది ఇంకా ఏ ఫారంలోనూ గడిగా చేరలేదు. చేర్చాలంటే ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక వలగుడ్డ, ఒక సూక్ష్మదర్శిని, జాతులు గుర్తుపట్టడం నేర్చిన డిగ్రీ కాలేజీ పిల్లలు చాలు. చెలమ ఎక్కడ తవ్వాలో ఊళ్లోవాళ్లే చూపిస్తారు.