ఉపశమన చికిత్సా పరిశోధన – బాధావాచకములు

నయముగాని వ్యాధిచే పీడితులైనవారికి బాధను తగ్గించి ఊరట గూర్చునది ఉపశమన చికిత్స. 1967లో లండనున సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసు దీనికి ఆధునికరూప మొసగినది. మన దేశమున 1993లో కోళిక్కోడున ఒక సేవాసంఘమును, 1994లో అఖిల భారత సంఘమును ఏర్పడినవి.

పలు రాష్ట్రముల వైద్యశాలలు కలిసి పరిశోధింప బూనినచో భాషయే తొలి చిక్కు. రక్తపరీక్షచే బాధను కొలువరాదు. రోగి మాటయే ప్రమాణము. 1975లో మెల్జాక్ ప్రకటించిన మెగిల్ బాధాప్రశ్నావళిలో 78 ఆంగ్లపదములు 20 వర్గములుగా కూర్పబడినవి. వానిని తెలుగున ‘నొప్పి’ యను నొక్క మాటతో సరిపుచ్చరాదు. పంటికి పోటు, పుండునకు సలుపు, కడుపున మంట, కాళ్ళకు తీపు: ఇవి పర్యాయపదములు కావు.

అనువదించిన ప్రశ్నలను వేరొకరిచే మరల ఆంగ్లమునకు మార్పించి, మూలముతో పోల్చి, పిమ్మట రోగులయెడ పరీక్షించుట పద్ధతి. ఈ తుదిమెట్టున నిఘంటువు చాలదు. మాండలికము నెరిగినవారు కావలెను. పలు భాషాశాఖలు ఒకే ప్రాంగణమున నున్న విశ్వవిద్యాలయములు తమ తమ బాధావాచకములను ప్రయోగసహితముగ సేకరించి పోల్చినచో వైద్యుల కూటమికి గట్టి పునాది యేర్పడును. రోగి మాటను తప్పుగా గ్రహించినచో మందు మోతాదును తప్పును.