పెదవి నీలమైతే నాలుక చూడండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి హైదరాబాద్‌లోని పిల్లల గుండె వైద్యుల దగ్గరికి వంద కిలోమీటర్లు పైమాటే. కాబట్టి పసిబిడ్డ పెదవి నీలంగా కనిపిస్తే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఇది చలికి వచ్చిన నీలమా, ఆక్సిజన్ తగ్గిన నీలమా? తొలి ఒకటి రెండు రోజులు అరచేతులు, అరికాళ్లు, మూతి చుట్టూ చర్మం నీలిరంగు తిరగడం మామూలే. వెచ్చగా పొదివిపట్టుకుంటే తగ్గుతుంది. నాలుక, చిగుళ్లు, పెదవి లోపలివైపు నీలమైతే మాత్రం రక్తంలోనే ఆక్సిజన్ తక్కువని అర్థం. ఊపిరితిత్తుల సమస్య, ఇన్ఫెక్షన్, పుట్టుకతో వచ్చిన గుండె లోపం, ఏదైనా కావచ్చు. అప్పుడిక 108కి ఫోన్ చేయడమే.

‘బిడ్డలంతా అంతే, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది’ అనే పెద్దల మాటలో సగం నిజముంది. చిక్కంతా రెండో సగంతోనే. గర్భంలో తెరుచుకుని ఉండే డక్టస్ అనే రక్తనాళం పుట్టాక కొద్దిరోజుల్లో మూసుకుంటుంది. కొన్ని గుండె లోపాల్లో బిడ్డను నిలబెట్టేది ఆ నాళమే. అందుకే బాగానే ఇంటికెళ్లిన బిడ్డ తర్వాత నీలమవుతాడు. పైగా ఆక్సిజన్ 90 శాతానికి దిగినా కంటికి తెలియకపోవచ్చు, చామనఛాయ ఒంట్లో మరీను. కనుక 24 గంటలు దాటాక కుడిచేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టించాలి. రెండుచోట్లా 95 శాతానికి తగ్గకుండా, తేడా 3కి మించకుండా ఉంటే ఊరట. 90 కన్నా తగ్గితే ఒక్క పూటా ఆగకూడదు. ఈ పరీక్ష ఊరికే భయపెడుతుందనేవారూ ఉన్నారు. నిజమే, గుండె బాగున్నా అంకె తగ్గవచ్చు. కానీ అలాంటప్పుడు తరచూ బయటపడేది ఊపిరితిత్తుల జబ్బో ఇన్ఫెక్షనో. అదీ వదిలేసేది కాదుగా!