తన పనికి తానే గంట కొట్టుకొనవలెను

కచేరీలో పనిచేయువానికి వేళకు రమ్మను నియమమున్నది. కర్మాగారములో కూత ఉన్నది. బడిలో గంట ఉన్నది. సొంతముగా చిన్న వ్యాపారము పెట్టుకొన్నవానికి ఇవేవియు లేవు. ఆలస్యముగా లేచినచో అడుగువారు లేరు. ఆ స్వేచ్ఛనే కోరి మనలో అనేకులు వ్యాపారములోనికి దిగుదురు. ఆ స్వేచ్ఛయే కొన్ని నెలలకు వారిని ముంచును. మొదటి దినముల ఉత్సాహము చల్లారిన పిదప పనిని నడపునదేమి? ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదునకు పడమట, బిజాపూరు రహదారిపైనున్న మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములలో మనకు దొరకును.

ఇచట కూరగాయలతోపాటు బంతి, చామంతి, గులాబీ పూలను పండింతురు. పాలీహౌసులలో, అనగా ప్లాస్టిక్కు పొర కప్పిన పందిళ్లలో, జెర్బెరాను పెంచువారును కలరు. ఈ పూలు నగరములోని గుడిమల్కాపూరు పూల మార్కెట్టుకు పోవును. పూలతోట రైతు సేద్యగాడు మాత్రమే కాడు. పెట్టుబడి, కూలీలు, రవాణా, అమ్మకము అన్నియు తన తలపైనే ఉన్న చిన్న వ్యాపారి.

ఇతనికి మొదటి క్రమశిక్షణ నేర్పునది పువ్వే. అంగడికి పంపు గులాబీని మొగ్గ విచ్చుకొనక మునుపే కోయవలెను. జాగు చేసినచో విచ్చుకొని ధర పడిపోవును. జెర్బెరాను కత్తితో కోయక, కాడను మొదట పట్టి వంచి లాగి, వెంటనే నీటిలో నుంచవలెను. యజమాని మనసు బాగున్నదా లేదా అని పువ్వు అడుగదు. కిరాణా కొట్టునకు, కుట్టు మిషనునకు ఇట్టి గడువు లేదు. కావున వానిని నడపువారు తామే గడువును కల్పించుకొనవలెను. తలుపు తీయు వేళ, సరుకు తెచ్చు దినము, లెక్క చూచు గంట, ఈ మూడింటిని నిర్ణయించి ఇంటివారికిని ఖాతాదారులకును తెలియజేసినచో, ఉత్సాహము లేని దినమున కూడ పని మొదలగును.

రెండవది లెక్క. మార్కెట్టులో అమ్మకము కాగానే తక్‌పట్టీ చేతికి వచ్చును. ఎంత సరుకు ఏ ధరకు పోయినదో అందులో ఉండును. దానిని జేబులో నలిగిపోనీయక ఆ రాత్రియే చిట్టాకు ఎక్కించినవానికి, ఎరువు, కూలి, బండి కిరాయి పోను నిజముగా మిగిలినదెంతో తెలియును. గల్లాపెట్టెలో కనబడు సొమ్మంతయు లాభమని భ్రమపడుట చిన్న వ్యాపారులకు సాధారణమైన వ్యాధి. యజమాని తనకును నెలకింతయని జీతము నిర్ణయించుకొని, అంతమాత్రమే ఇంటికి తీసికొనవలెను.

మూడవది మందకాలమునకు సిద్ధపడుట. పూల గిరాకి పంచాంగమును అనుసరించి నడచును. శ్రావణములో వ్రతములు, పెండ్లిండ్లు. ఆపై బతుకమ్మ, దసరా, దీపావళి, కార్తికము. ఆషాఢములోను, మూఢములోను పెండ్లిండ్లుండవు. పూలను అడుగువారు తగ్గుదురు. ఒక మంచి నెలలో ఖర్చులు పోను 60,000 రూపాయలు మిగిలినవనుకొందము. ఇంటి జీతము 20,000గా పెట్టుకొన్నవాడు తక్కిన 40,000తో రెండు నెలల మందము దాటగలడు. అంతయు వెచ్చించినవాడు ఆషాఢములో అప్పుచేయును. దాని వడ్డీ శ్రావణపు లాభమును మ్రింగును.

2020 మార్చిలో కరోనా కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు పెండ్లిండ్లు వాయిదాపడి పూలకు గిరాకి పడిపోయినది. కాని కోయక విడిచిన పువ్వు మొక్క బలమును హరించును. కొనువారు లేకున్నను కోసి పారవేయవలసినదే, నీరు పెట్టవలసినదే. కూడబెట్టుకొన్నది లేనివానికి అట్టి సమయమున కూలి ఇచ్చుట దుస్సాధ్యము.

ఈ ప్రాంతమువారికి మరియొక పరీక్ష కలదు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములను కాపాడుటకై 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు 84 గ్రామములలో కట్టడములకు హద్దులు విధించినది. 2022లో ఆ ఆంక్షలను కొన్ని షరతులతో తొలగించుచు 69వ నంబరు ఉత్తర్వు వెలువడినది. నగరము దగ్గరగుకొలది భూమి విలువ పెరిగినది. ప్రక్క పొలమువాడు ఒక్క సంతకముతో పొందిన సొమ్మును, తాను ఏండ్ల తరబడి మొగ్గ మొగ్గగా కూడబెట్టినదానితో పోల్చుకొన్నప్పుడు ఎవనికైనను పనిలో చేయి ఆడదు.

భూమిని అమ్మవలెననిగాని అమ్మరాదనిగాని మేము చెప్పబోము. అది కుటుంబమంతయు కూర్చుండి తేల్చుకొనవలసిన విషయము. కాని ఆ ఆలోచనకు సంవత్సరములో ఒక దినమును కేటాయించి, ఆనాడు చిట్టాను ముందుంచుకొని తేల్చుకొనుట మేలు. ప్రతి ఉదయము గట్టుమీద నిలిచి “ఉంచుదునా, అమ్ముదునా” అని తలపోయువాడు రెండింటికిని చెడును. కొట్టు మూసి ఉద్యోగమునకు పోవుదమా అని నిత్యము ఊగిసలాడు వర్తకునికిని ఇదియే మాట.

ఉత్సాహము వచ్చిపోవు చుట్టము, నియమము ఇంటిమనిషి. చుట్టము వచ్చినప్పుడు సంతోషింతము. పనిని మాత్రము ఇంటిమనిషికే అప్పగింతము. రేపు ఉదయమున చేయవలసిన మొదటి పనిని ఈ రాత్రియే ఒక కాగితముపై వ్రాసిపెట్టుకొన్నచో, గంట కొట్టువాడు ఇంటిలోనే ఉన్నట్లు.