మిగిలిన అన్నంతో జాగ్రత్త!

రాత్రి మిగిలిన అన్నం తెల్లారేసరికి పులిహోర అయిపోవడం హాస్టల్ వంటశాలల్లో మామూలే. ‘పోపులో వేడెక్కాక ఏ క్రిమి బతుకుతుంది?’ అన్నది వంటవాళ్ల ధీమా. అన్నం విషయంలో అది పనికిరాదు.

బియ్యంలో ఉండే ‘బాసిల్లస్ సిరియస్’ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. గుండిగలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి విషాన్ని వదులుతాయి. ఆ విషం 121 డిగ్రీల వేడికే చెక్కుచెదరదు, ఇక పోపెంత! చింతపండు పులుపు క్రిమిని పెరగనివ్వదు గానీ, అప్పటికే ఊరిన విషాన్ని విరవలేదు. తిన్న ఆరు గంటల్లోపే వాంతులు మొదలవుతాయి. 1970ల మొదట్లో బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవారు జబ్బుపడటంతో ఈ గుట్టు బయటపడింది. అక్కడా అంతే... వండిన అన్నాన్ని చాలాసేపు బయట ఉంచి, మళ్లీ వేయించారు.

చేతులు ఎంత శుభ్రంగా కడుక్కున్నా ఇది ఆగదు. వడ్డించేదాకా అన్నం 60 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉండాలి. మిగిలితే వెంటనే వెడల్పాటి పళ్లేల్లో పల్చగా పరిచి, చల్లార్చి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. గుండిగతో సహా లోపలికి తోస్తే నడిమి అన్నం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది.

ఫ్రిజ్ లేనిచోట పారబోయడమే. బియ్యం లెక్క అడుగుతారన్న భయం వంటమనిషిది. ఆ లెక్క రాసుకోవాల్సింది మాత్రం వార్డెనే.