ధ్వని సాఫ్టువేరు - ప్రాసెసరు నిర్మాణం

ధ్వనిని నమోదు చేయుటకు, మార్చుటకు, కృత్రిమంగా పుట్టించుటకు వాడే కంప్యూటరు ప్రోగ్రాములను ధ్వని సాఫ్టువేరు అంటారు. ఒకే ప్రోగ్రాము పాత ప్రాసెసరుపై ఒక విధంగాను, కొత్త ప్రాసెసరుపై మరొక విధంగాను నడుస్తుంది. ఈ తేడాకు గిగాహెర్ట్జ్‌లలో చెప్పే వేగమే కారణమని చాలామంది భావిస్తారు గాని, ప్రాసెసరు అంతర్నిర్మాణానిదే ఇందులో ఎక్కువ పాత్ర.

గడువు

సీడీ ప్రమాణం ప్రకారం ఒక సెకను ధ్వనిని ఒక్కొక్క ఛానెలుకు 44,100 నమూనాలుగా విభజిస్తారు. సాఫ్టువేరు వీటిని చిన్న కట్టలుగా తీసుకొని లెక్కిస్తుంది. కట్టకు 256 నమూనాలుంటే, దానికి లభించే వ్యవధి సుమారు 5.8 మిల్లీసెకన్లు. ఆలోగా లెక్క ముగియకపోతే స్పీకరులో టప్పుమని శబ్దం వస్తుంది, లేదా పాట తెగుతుంది. ఉత్తరం టైపు చేసేటప్పుడు కంప్యూటరు క్షణకాలం ఆగితే ఎవరూ పట్టించుకోరు. చెవి మాత్రం వెంటనే పసిగడుతుంది. కనుక ఇక్కడ సగటు వేగం కన్న ప్రతి కట్టనూ గడువులోగా ముగించడం ముఖ్యం. కట్టను పెద్దది చేస్తే గడువు పెరుగుతుంది, కాని గాయకునికి తన గొంతు హెడ్‌ఫోనులో ఆలస్యంగా వినబడుతుంది.

ఒకే ఆదేశంతో నాలుగు లెక్కలు

పాట స్థాయిని తగ్గించాలంటే ప్రతి నమూనానూ ఒకే సంఖ్యతో గుణించాలి. 1999లో వచ్చిన పెంటియం 3లోని ఎస్ఎస్ఈ, అదే సంవత్సరపు పవర్‌పీసీ జీ4లోని ఆల్టివెక్ అటువంటి గుణకారాలను ఒకే ఆదేశంతో నాలుగేసి చొప్పున చేయగలిగాయి. 2011లో ఇంటెల్ ప్రాసెసర్లలోకి వచ్చిన ఏవీఎక్స్‌తో అవి ఎనిమిదయ్యాయి. అయితే ఈ ఆదేశాలను వాడుకొనేటట్లు తయారుచేయని సాఫ్టువేరుకు వీటివలన ప్రయోజనం లేదు.

పెంటియం 4

2000 నవంబరులో విడుదలైన పెంటియం 4లో ఒక్కొక్క ఆదేశం 20 అంచెలు దాటవలసి ఉండేది. 2004 నాటి నమూనాలో అవి 31కి పెరిగాయి. గిగాహెర్ట్జ్‌లు పెంచుటకే ఈ ఏర్పాటు. ధ్వని సాఫ్టువేరుకు మాత్రం ఇది ఒక వింత చిక్కు తెచ్చింది. తంబుర తీగను మీటి వదిలితే నాదం సన్నగిల్లుతూ పోయినట్లే, ప్రతిధ్వనిని కల్పించే ప్రోగ్రాములో సంఖ్యలు సున్నాకు చేరువవుతూ పోతాయి, కాని సున్నా కావు. మరీ చిన్నవైన ఇటువంటి సంఖ్యలను ప్రాసెసరు ప్రత్యేక మార్గంలో లెక్కిస్తుంది. పెంటియం 4లో ఇందుకు వందకు పైగా గడియారపు చక్రాలు పట్టేవి. ఫలితంగా పాట నడిచినంతసేపూ సవ్యంగా ఉన్న కంప్యూటరు, పాట ఆగి నిశ్శబ్దం వచ్చాక తడబడేది! అటువంటి సంఖ్యలను సున్నాగా భావించమని ప్రాసెసరును ఆదేశించి, లేదా వినబడనంత స్వల్పమైన రొదను కలిపి ప్రోగ్రామర్లు దీనిని దాటారు. 2006లో వచ్చిన కోర్ 2 డుయో తక్కువ గిగాహెర్ట్జ్‌లతోనే పెంటియం 4ను మించిపోయింది.

నిర్మాణం మారినప్పుడు

ఆపిల్ సంస్థ 2006లో పవర్‌పీసీ నుండి ఇంటెల్‌కు, 2020లో ఇంటెల్ నుండి ఆర్మ్ ఆధారిత ఎం1కు మారింది. రెండుసార్లూ పాత ప్రోగ్రాములను నడుపుటకు రొజెట్టా అనే అనువాదకాన్ని ఇచ్చింది. ఎం1లో వేగవంతమైన కోర్లతో పాటు విద్యుత్తును ఆదా చేసే నిదానపు కోర్లు కూడా ఉన్నాయి. ధ్వని పని నిదానపు కోరు వంతుకు వస్తే గడువు తప్పవచ్చు.

తెలుగు చదివే సాఫ్టువేరు

అంధులకు తెరపై ఉన్న పాఠాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్టువేరు ఎన్‌వీడీఏ, తెలుగును ఈస్పీక్ ఎన్‌జీ అనే ప్రోగ్రాము ద్వారా పలుకుతుంది. దీని మూలరూపాన్ని జొనాథన్ డడింగ్‌టన్ 1995లో ఎకార్న్ రిస్క్ ఓఎస్ కంప్యూటర్ల కోసం మొదలుపెట్టాడు. అవి కూడా ఆర్మ్ ప్రాసెసర్లతో నడిచినవే. ధ్వనులను ఎక్కువగా సూత్రాలతో పుట్టిస్తుంది గనుక గొంతు యాంత్రికంగా ఉంటుంది, ఒత్తులు కొన్నిచోట్ల చెవికి ఇంపుగా ఉండవు. న్యూరల్ నెట్‌వర్కు పద్ధతిలో తయారైన గొంతులు ఇంతకన్న సహజంగా ఉంటాయి, కాని వాటికి లెక్కలు ఎన్నో రెట్లు ఎక్కువ. పాత కంప్యూటరుపై మీట నొక్కిన వెంటనే అక్షరం వినబడవలసిన అంధ విద్యార్థికి ఈస్పీక్ గొంతే అందుబాటులో ఉంటుంది.