పలక మీద లెక్క చెరిగిపోతుంది: చిన్న వ్యాపారి ఎదుగుదలపై అపోహలు – వాస్తవాలు

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరాలు తెలుగునాట ఎన్నో. ఆ పలకలు చేసిన ఊళ్లో ఏ చిన్న వ్యాపారినైనా ‘బేరాలెలా ఉన్నాయి?’ అని అడగండి. ‘ఏముందన్నా, ఏదో నడుస్తా ఉంది’ అంటారు. బంకుతో మొదలుపెట్టి సొంత కొట్టు కట్టుకున్నవారిదీ అదే మాట. అందులో వినయం కొంత ఉంది. కానీ తమ ఎదుగుదల తమకే కనబడకపోవడం అసలు కారణం. కళ్లకు అడ్డుపడే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ 1: అమ్మకాలు పెరిగితేనే ఎదిగినట్టు.

వాస్తవం: పలకల పని దగ్గర కాసేపు నిలబడితే ఇది తప్పని తెలుస్తుంది. గని నుంచి వచ్చిన బండకు ఉలి ఆనించి, సుత్తితో తట్టి, పొరలు పొరలుగా విడదీస్తారు. రాయి వాటం తెలియని చెయ్యి పడితే పొర అడ్డంగా పగులుతుంది. పని పండిన చెయ్యి అదే బండలోంచి ఎక్కువ పొరలు తీస్తుంది. రాయి అంతే, కూలి అంతే, పెరిగింది మిగులు. పోయినేడు 8 లక్షల సరుకు అమ్మితే 80 వేలు మిగిలాయనుకోండి. ఈ ఏడు ఏడున్నర లక్షలే అమ్మినా లక్షా 20 వేలు మిగిలితే మీరు తగ్గినట్టా, పెరిగినట్టా? కిరాణా కొట్టులో పురుగు పట్టి పారబోసే పప్పు తగ్గినా, టైలరు దగ్గరికి సరిచేయమని తిరిగొచ్చే జాకెట్లు తగ్గినా అది ఎదుగుదలే.

అపోహ 2: పాత బేరం వదిలితే ఓడిపోయినట్టు.

వాస్తవం: నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతి పలకకు గిరాకీ పడిపోయింది. అప్పుడు ఇక్కడివారు అదే రాయిని ఇళ్ల నేలకూ గోడలకూ పరిచే టైల్స్‌గా కోయడం మొదలుపెట్టారు. బడి పిల్లల చేతుల్లోకి వెళ్లిన రాయి విదేశాల్లో ఇళ్లకు వెళ్లింది. ఈ మార్పు అందరికీ తేలిగ్గా సాగలేదు. కానీ సాగినచోట మనుషులు కొత్త విద్యలు నేర్చారు: కోత మిషను పట్టడం, కొలతలో తేడా రాకుండా చూడటం, దూరపు ఆర్డరును గడువులోగా పంపడం. సరుకు మారినా చేతిలోని పనితనం పోలేదు, దాని మీద ఇంకొకటి చేరింది.

అపోహ 3: అప్పు ఉన్నంతకాలం ఎదగనట్టే.

వాస్తవం: అప్పు ఉందా లేదా అన్నదానికన్నా ఏ అప్పు, ఎందుకు తెచ్చారన్నది ముఖ్యం. ఇల్లు గడవడానికి తెచ్చిన రోజువారీ వడ్డీ అప్పు వేరు, మిషను కొనడానికి తీసుకున్న బ్యాంకు అప్పు వేరు. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకంలో ‘శిశు’ రుణం 50 వేల వరకు, ‘కిశోర్’ 5 లక్షల వరకు. శిశు రుణం సక్రమంగా తీర్చి కిశోర్‌కు దరఖాస్తు పెట్టారంటే మీరు ఒక మెట్టు ఎక్కారు.

అపోహ 4: పక్క కొట్టుతో పోల్చుకుంటేనే మన స్థాయి తెలుస్తుంది.

వాస్తవం: పక్క కొట్టు బోర్డు కనబడుతుంది, దాని వెనక వడ్డీ కనబడదు. పైగా 2025 ఏప్రిల్ 1 నుంచి, యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, ఏడాది టర్నోవరు 10 కోట్లు దాటని వ్యాపారాలన్నీ ప్రభుత్వ లెక్కలో ‘సూక్ష్మ’ తరగతే. మీ చిన్న కొట్టూ, మీరు తలెత్తి చూసే ఆ షోరూమూ ఒకే వరుసలో ఉండొచ్చు. మన ప్రాంతంలో మరో సంగతీ ఉంది. గిద్దలూరైనా, కంభమైనా, మార్కాపురమైనా రైతు చేతిలో డబ్బు ఆడితేనే కొట్టులో బేరం. కంభం చెరువు నిండిన ఏడాదినీ ఎండిన ఏడాదినీ ఒకే గాటన కట్టకూడదు. వానలు మొహం చాటేసిన ఏడు ఖాతాదారులు చెదరకుండా, పనివాళ్లకు కూలి ఆగకుండా నిలబడ్డారా? అదీ ఎదుగుదలే.

అపోహ 5: మన ఎదుగుదల మనమే లెక్కబెట్టుకుంటే దిష్టి, గర్వం.

వాస్తవం: ఊరంతా చెప్పుకుంటే గర్వం కావచ్చు. పుస్తకంలో రాసుకుంటే అది లెక్క. లెక్క లేనివారికి చెడ్డ నెల ఒక్కటి వస్తే చాలు, పదేళ్ల కష్టమూ వృథా అనిపిస్తుంది.

అందుకే ఈ మార్చి 31న ఒక నోటు పుస్తకం తీయండి. మీకూ, మధ్యాహ్నం కొట్టు చూసుకునే మీ ఇంట్లోవాళ్లకూ కూలి కట్టాక ఎంత మిగిలింది? వృథా ఎంత తగ్గింది? మళ్లీ మళ్లీ వచ్చే ఖాతాదారులు ఎందరు? కొత్తగా నేర్చుకున్న పని ఏమిటి? నాలుగు జవాబులు రాసి కింద తేదీ వేయండి. వచ్చే మార్చిలో దాని పక్కనే మళ్లీ రాయండి. పలక మీద రాసింది చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. మీ కష్టాన్ని పుస్తకంలో రాసుకోండి.